అగ్గువ – పిరము

ముప్పది మూడేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి 2017లో పదవీ విరమణ చేసిన వాణ్ణి. నిద్రలో లేపి అడిగినా సవర్ణదీర్ఘము మొదలు గసడదవాదేశము దాకా ఉదాహరణలతో సహా చెప్పగలను. కాని 2025 నవంబరు మాసము వరకు కిలో కందిపప్పు వెల ఎంతో నాకు తెలియదు. ఈ మాట గొప్పకు చెప్పుకోవడం లేదు, కొంత సిగ్గుతోనే చెబుతున్నాను.

మా ఇంటి వెచ్చాల పద్దు అంతా నా శ్రీమతి చూసుకొనేది. 1988 నుండి ఆమె వ్రాసిన పద్దు పుస్తకాలు అటక మీద ఒక ఇనుప పెట్టె నిండా ఉన్నవి. నేను జీతము తెచ్చి చేతిలో పెట్టేవాణ్ణి, ఆమె దానిని ముప్పది రోజులకు పంచేది. ఆ పంపకంలో ఎంత గణితమున్నదో నేను ఏనాడూ అడగలేదు. గత అక్టోబరులో ఆమెకు మోకాలి శస్త్రచికిత్స జరిగింది. మూడు నెలలు మెట్లు దిగవద్దని, బరువులెత్తవద్దని వైద్యులు చెప్పారు. ఇక సంచి నా చేతికి వచ్చింది. సంచితో పాటు పద్దు పుస్తకము, ఒక పెన్నూ వచ్చినవి.

మా హనుమకొండలో వస్తువు చవకైతే "అగ్గువ" అంటారు, వెల ఎక్కువైతే "పిరం" అంటారు. ఈ రెండు మాటలు పల్లెటూరి మాటలని ఒకప్పుడు మా పిల్లలు వ్రాయడానికి జంకేవారు. జంకవలసిన పని లేదని తరగతిలో ఎన్నోమార్లు చెప్పాను. అగ్గువ నిఘంటువుల కెక్కిన అచ్చతెలుగు మాట. పిరం అన్నది "ప్రియము" నుండి వచ్చినది. ప్రియమంటే ఇష్టము, ప్రియమంటే అధికమైన వెల. రెండర్థాలకూ ఒకే మాట ఎందుకు సరిపోయిందో పిల్లలకు వివరించాను గాని, నాకు మాత్రం సంచి పట్టుకొని తిరిగిన తరువాతనే బోధపడింది.

మా ఇంటికి అందుబాటులో మూడు అంగళ్ళున్నవి. పది నిమిషాలు నడిస్తే చల్లని గాలి, నున్నని గచ్చు గల ఒక సూపర్ మార్కెట్ ఉన్నది. ఆటోలో పోతే ఊరి అంచున రాయితీ ధరల పెద్ద అంగడి ఉన్నది. ఇంటి వెనుక సందులో, మేము ఈ ఇంటికి వచ్చిన నాటి నుండి ఉన్న కిరాణా దుకాణమున్నది. శ్రీమతి ఏ నెల ఎక్కడ కొనేదో నేను గమనించలేదు. ఇప్పుడు మాత్రం పండితుడినన్న అహంకారంతో ఒక శాస్త్రీయ పరిశీలన చేసి, ఏది అగ్గువో నిర్ధారించి ఆమెకు చూపాలని సంకల్పించాను.

నియమాలు పెట్టుకున్నాను. ఒకే వారంలో మూడు చోట్లా ధరలు వ్రాసుకోవాలి. కంపెనీ సరుకైతే మూడు చోట్లా ఒకే కంపెనీది కావాలి. పొట్లము వెల కాదు, కిలోకు, లీటరుకు లెక్క కట్టాలి. సూపర్ మార్కెట్‌లో అద్దాలు సవరించుకుంటూ ధరలు వ్రాసుకుంటుంటే అక్కడి పిల్లవాడొకడు వచ్చి, "సార్, మీరు ఏ కంపెనీ నుంచి వచ్చిండ్రు?" అని అడిగాడు. "మా ఇంటి కంపెనీ నుండి" అన్నాను. వాడు నవ్వలేదు.

మా ఇద్దరి నెల వెచ్చాలు ఇవి. మొదటి అంకె రాయితీ అంగడిది, రెండవది సూపర్ మార్కెట్‌ది, మూడవది కిరాణాది. అన్నీ రూపాయలలో.

కందిపప్పు 2 కిలోలు – 236, 264, 250
మినపగుళ్ళు 1 కిలో – 124, 139, 130
పొద్దుతిరుగుడు నూనె 2 లీటర్లు – 296, 316, 310
చక్కెర 2 కిలోలు – 86, 94, 90
గోధుమపిండి 5 కిలోలు – 215, 245, 240
చింతపండు అర కిలో – 85, 105, 80
ఎండుమిర్చి పావు కిలో – 62, 72, 60
టీపొడి అర కిలో – 255, 275, 280
బట్టల సబ్బుపొడి 2 కిలోలు – 210, 250, 252
స్నానపు సబ్బులు 4 – 138, 156, 160
ఉప్పు 1 కిలో – 25, 28, 28

కూడితే రాయితీ అంగడిలో 1,732, సూపర్ మార్కెట్‌లో 1,944, కిరాణాలో 1,880. మొదటి రెంటికీ నడుమ భేదము 212 రూపాయలు, అనగా నూటికి దాదాపు పదకొండు. సంవత్సరానికి లెక్క కడితే రెండున్నర వేలు దాటుతుంది. పింఛను మీద బ్రతికే వారికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. ఒక విశేషము గమనించండి. చింతపండు, ఎండుమిర్చి ఈ రెంటిలో కిరాణా దుకాణమే అగ్గువ. మూట విప్పి తూచి ఇచ్చే సరుకులో చిన్న దుకాణము నిలువగలుగుతున్నది. కంపెనీ ముద్ర గల సబ్బు, టీపొడి దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తున్నది.

రాయితీ అంగడి అంత తగ్గించి ఎలా ఇవ్వగలదన్న సందేహము నాకు 2018లోనే కలిగింది. ఆ ఏడు అమెరికాలో మా పెద్దవాని ఇంట కొన్నాళ్ళున్నప్పుడు వాడు నన్ను ఆల్డి అనే అంగడికి తీసుకొని పోయాడు. అది జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ఆల్బ్రెక్ట్ అనే కుటుంబము నడిపిన చిన్న దుకాణము నుండి పెరిగినది. ఆల్బ్రెక్ట్ లోని మొదటి అక్షరాలకు డిస్కౌంట్ లోని మొదటి అక్షరము చేరి ఆల్డి అయిందట. ఇది మన ఏ సంధి సూత్రానికీ లొంగదు గాని మాట మాత్రం నిలిచింది. అక్కడ పావు డాలరు నాణెము దూర్చితే గాని తోపుడు బండి గొలుసు ఊడి రాదు. బండిని తిరిగి దాని చోట పెడితే నాణెము మనకు వస్తుంది. ఆ విధంగా బండ్లు ఏరుకొచ్చే మనిషి జీతము మిగులుతుంది. సరుకును వచ్చిన అట్టపెట్టెలలోనే నిలిపి ఉంచుతారు. ఒక్కొక్క వస్తువులో ఇరువది రకాలు కాక ఒకటో రెండో ఉంచుతారు, అవి కూడా ఎక్కువగా తమ సొంత ముద్రవే.

మన దేశంలో ఇటువంటి వ్యాపారానికి పేరు పొందిన డీమార్ట్, రాధాకిషన్ దమానీ స్థాపించినది, 2002లో ముంబయిలోని పవయిలో మొదలైంది. అద్దె కట్టే పని లేకుండా చాలా వరకు సొంత భవనాలలో నడపడం, సరుకు ఇచ్చినవారికి త్వరగా డబ్బు ముట్టజెప్పి ఆ మేరకు ధర తగ్గించుకోవడం వారి పద్ధతి అని వ్యాపార పత్రికలు తరచుగా వ్రాస్తుంటాయి. ఇందులో మాయ ఏమీ లేదు. మన పెద్దలు చేసిన సంసారము వంటిదే. అద్దె లేదు, అరువు లేదు, ఆడంబరము లేదు.

అయితే మాయ వేరొక చోట ఉన్నది. రసీదు అడుగున "మీరు ఆదా చేసిన మొత్తము 486 రూపాయలు" అని అచ్చు వేసి ఇచ్చారు. నేను మురిసిపోయి దాన్ని భద్రంగా జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే ఆ ఆదా పొట్లము మీద ముద్రించిన గరిష్ఠ ధర నుండి తీసివేసినది. ఆ గరిష్ఠ ధరకు ఊళ్ళో చాలా సరుకులు ఎవ్వరూ అమ్మడం లేదు. పక్క అంగడితో పోలిస్తే నాకు నిజంగా మిగిలినది 212 మాత్రమే. దేని నుండి తీసివేశామన్నది చెప్పకుండా శేషము మాత్రం చెబితే, మా లెక్కల మాస్టారు ఆ జవాబుకు సున్న వేసేవారు.

రెండవ మాయ తూకంలో ఉన్నది. ఒక చోట నూనె పొట్లము 148 రూపాయలు, దాని పక్కన మరొక కంపెనీది 135. పదమూడు రూపాయలు మిగిలినవని చేయి చాచాను. చూపులకు రెండూ కవల పిల్లలే. అద్దాలు పైకెత్తి చూస్తే మొదటి దానిలో 910 గ్రాములు, అనగా ఒక లీటరు. రెండవ దానిలో 800 గ్రాములు. భాగహారము చేస్తే నూరు గ్రాములకు మొదటిది 16 రూపాయల 26 పైసలు, రెండవది 16 రూపాయల 88 పైసలు. తక్కువ వెల గలదే పిరం!

పూర్వము కొన్ని సరుకులను ఇంతింత తూకంలోనే పొట్లము కట్టాలన్న నియమముండేది. 2011 నాటి ప్యాకేజీ నియమాలను 2021లో సవరించినప్పుడు ఆ పట్టికను తీసివేశారు. దానికి బదులుగా గ్రాముకో, కిలోకో, లీటరుకో వెల ఎంత పడుతుందో పొట్లము మీద ముద్రించాలన్నారు. ముద్రిస్తున్నారు కూడా, చీమ తలకాయంత అక్షరాలతో. పైగా అది గరిష్ఠ ధరను బట్టి కట్టిన లెక్క. అంగడివాడు తగ్గించి అమ్మే ధరకు మనమే మళ్ళీ భాగించుకోవాలి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా నాయనమ్మకు నోటికి వచ్చేది. బడికి పోని ఆమెను ఏ కోమటీ మోసగించలేకపోయాడు. ఆ కొలతల కాలంలో "కొసరు" అనే మాట ఉండేది. కొలిచిన తరువాత గుప్పెడు ఎక్కువ వేయడం. ఇప్పుడు వెల అంతే ఉంచి గుప్పెడు తీసివేస్తున్నారు. దీనికి తెలుగులో ఇంకా పేరు పెట్టలేదు.

ఇన్ని నేర్చుకొని, మొదటి నెల రాయితీ అంగడిలోనే వెచ్చాలు కొని, విజయగర్వంతో శ్రీమతి ముందు కాగితము పరిచాను. ఆమె మంచము మీద కాలు చాపుకొని ఓపికగా అంతా విన్నది.

"ఎంత మిగిలిందన్నది సరేనండి. ఎంత పెట్టొచ్చిండ్రో చెప్పుండ్రి."

రసీదు చూశాను. 2,372 రూపాయలు. జాబితాలోని సరుకు 1,732. మిగిలిన 640కి ఏమి కొన్నానో సంచి విప్పితే బయటపడింది. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న బిస్కట్లు, మూతల డబ్బాలు మూడు, గుమ్మము ముందు వేసే పట్టా, మేమిద్దరమూ తినకూడని జీడిపప్పు మిఠాయి. రానుపోను ఆటోకు 120. 212 రూపాయలు మిగుల్చుకోవడానికి 760 రూపాయలు ఖర్చు చేసి వచ్చాను. ఆమె ఏమీ అనలేదు. పద్దు పుస్తకములో "పైవి" అని ఒక గడి గీసి 640 అని వేసింది. 1988 నుండి వ్రాసిన ఆ పుస్తకాలలో అటువంటి గడి ముందెన్నడూ లేదు.

తరువాతి నెల వైద్యులు ఆమెను సమతలము మీద కొంచెము కొంచెముగా నడవమన్నారు. మా వీధి సంగతి తెలిసినదే, గుంత లేని చోట గేదె ఉంటుంది. ఒకనాటి ఉదయము పది గంటలకు ఆటోలో ఆ దగ్గరి సూపర్ మార్కెట్‌కు తీసుకొని పోయాను. జనము లేరు. తోపుడు బండి పిడిని రెండు చేతులతో పట్టుకొని, నున్నని గచ్చు మీద, ఆ చివర నుండి ఈ చివర వరకు ఆమె నాలుగు మార్లు నడిచింది. ఆపరేషను తరువాత ఎవరి చేయీ పట్టుకోకుండా నడవడం అదే మొదలు. బండిలో ఒక ఉప్పు పొట్లము మాత్రమున్నది. రాయితీ అంగడిలో ఆ పని సాధ్యము కాదు, అక్కడి రద్దీలో రెండు కాళ్ళు బాగున్న వారే నిలదొక్కుకోవడం కష్టము. ఆ 212 రూపాయలు దేనికి పుచ్చుకుంటున్నారో నాకప్పుడు అర్థమైంది. ఖాళీ స్థలానికి కూడా వెల ఉంటుంది. అవసరము లేని నాడు అది పిరం, అవసరమైన నాడు అగ్గువ.

ఇక కిరాణా సేటు సంగతి.

2011లో తెలంగాణ కొరకు సకల జనుల సమ్మె జరిగింది. సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24 వరకు నలుబది రెండు రోజులు. మేమంతా బడులు మూసి రోడ్ల మీదికి వచ్చాము. పని లేదు గనుక జీతము లేదు. బతుకమ్మ, దసరా పండుగలు ఆ నడుమనే వచ్చినవి. ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. అప్పుడు మా వెనుక సందు సేటు దుకాణము నుండి వెచ్చాలు ఎప్పటివలెనే వచ్చినవి. నేను అడిగినది లేదు, అతడు చెప్పినది లేదు. చిట్టా పుస్తకములో మా పేరున ఒక పుట నిండి రెండవ పుట మొదలైంది. జీతము చేతికి వచ్చిన నాడు పోయి బాకీ కట్టి, వడ్డీ ఎంతని అడిగాను. "సమ్మె మీ ఒక్కలదే అనుకున్నరా సారూ?" అన్నాడు. అంతే.

నా పట్టికలో ఆ మాటకు గడి లేదు. సేటు దుకాణము రాయితీ అంగడి కన్నా నెలకు 148 రూపాయలు పిరం అని తేల్చాను. తేల్చిన లెక్కలో తప్పు లేదు. కాని ఆ 2011 నాటి అరువును ఏ వెల కింద వ్రాయాలి? వ్రాయకపోతే పోలిక పూర్తి అయినట్లా? ఈ సందేహముతోనే మూడవ నెల, ఈసారి జాబితా తప్ప మరేదీ ముట్టనని ఒట్టు పెట్టుకొని, మళ్ళీ ఆటో ఎక్కాను.

నూనె వరుస దగ్గర జనము గుమిగూడి ఉన్నారు. "ఒక బిల్లుకు నాలుగు ప్యాకెట్లు మాత్రమే" అని అట్ట మీద వ్రాసి కట్టారు. నేను రెండు తీసుకొని తలెత్తేసరికి ఎదురుగా సేటు! అతని బండి నిండా సబ్బులు, టీపొడి, మీద నాలుగు నూనె పొట్లాలు. క్షణము సేపు ఇద్దరమూ మాట్లాడలేదు. నలుబది ఏండ్ల ఖాతాదారు మరొక అంగడిలో పట్టుబడ్డాడని నాకు సిగ్గు. దుకాణదారుడే మరొకరి దుకాణములో కొంటూ కనబడ్డాడని అతనికి సిగ్గు.

ముందు అతడే తేరుకొని, "ఏం చేద్దాం సారూ, మాకు సరుకేసేటోడు ప్యాకెట్ 150కి ఇస్తుండు. ఈడ గిరాకికే 148కి ఇస్తుండ్రు. ఆడ తీస్కుంటే నాకు మిగిలేదేముంది?" అన్నాడు.

అతడు 155కి అమ్ముతాడు. నా పట్టికలో వ్రాసుకున్న ధరే. 155లో నుండి 148 తీసివేస్తే ఏడు రూపాయలు. ఆ ఏడు రూపాయల కొరకు అరువది దాటిన మనిషి దుకాణము కొడుకుకు అప్పగించి, ఆటో కట్టించుకొని, వరుసలో నిలబడ్డాడు. కిరాణా అంగడి పిరం అని తేల్చిన నా లెక్కకు ఆవలి వైపు ఇది.

కొంచెము దూరము పోయి వెనుకకు వచ్చాడు. "సారూ, మీకు ఇబ్బంది లేకుంటె, మీ బిల్లు మీద నాలుగు ప్యాకెట్లు..." అని ఆగిపోయాడు. నేనెరిగిన ఇన్నేండ్లలో అతడు నన్ను అడిగిన మొదటి సాయము అది.

నా రెండూ ఎలాగూ బండిలో ఉన్నవి. మరి రెండు చేర్చి నాలుగు చేశాను. బిల్లు చేయించి, గేటు బయట ఆ నాలుగూ అతని సంచిలో వేశాను. అతడు 592 రూపాయలు రెండు మార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. ఇద్దరమూ ఒకే ఆటోలో వచ్చాము, సగము సగము ఇచ్చుకున్నాము. సందు మొగలో దిగి అతని దుకాణములోనే మా ఇంటికి రెండు నూనె పొట్లాలు కొన్నాను, 310 రూపాయలకు. అతడు 296 తీసుకుంటానన్నాడు. నేను వినలేదు. చింతపండు తూచి, ముల్లు సరిగా నిలిచిన తరువాత కూడా మరొక రెబ్బ వేశాడు.

ఇంటికి వచ్చాక శ్రీమతి పద్దు వ్రాయడానికి కూర్చున్నది. రసీదు చదివింది, సంచి చూసింది, మళ్ళీ రసీదు చదివింది.

"బిల్లుల నాలుగు నూనె ప్యాకెట్లున్నయి. సంచిల రెండే ఉన్నయి. అవి గూడ సేటు దుకాణం సంచిల ఉన్నయి. ఏం కొనొచ్చిండ్రు మీరు?"

జరిగినది చెప్పాను. ఆమె కాసేపు పెన్ను పట్టుకొని ఊరకున్నది. తరువాత రాయితీ అంగడి పద్దులో "నూనె 4 – 592 – ముట్టినవి" అని వ్రాసింది. దాని కింద "నూనె 2 – 310 – సేటు" అని వ్రాసింది.

"పద్నాలుగు రూపాయలు పిరం పడింది. అది ఎక్కడ వ్రాద్దాము?" అని అడిగాను.

"అది రాయకుండ్రి" అని ఆమె పుస్తకము మూసింది.